కంప్యూటర్ గొంతు ఎక్కడ బొంగురుపోయింది?



ఇంట్లో కంప్యూటర్ ఉంది. దానికి రెండు స్పీకర్లున్నాయి. నిన్నటిదాకా పాట బాగానే వచ్చింది. ఇవాళ గరగరమంటోంది. లేదంటే గుయ్యిమని ఒకటే మోత. పాట ఆపినా ఆ మోత ఆగదు. కొన్నిళ్ళల్లో ఇంకో వింత. తబలా వినిపిస్తుంది, వయొలిన్ వినిపిస్తుంది, పాడేవాళ్ళ గొంతు మాత్రం వినిపించదు.

అప్పుడు ఇంట్లో ఏం జరుగుతుంది? ఒకరు స్పీకర్ నెత్తిన ఒక్కటి వేస్తారు. ఇంకొకరు వైర్లన్నీ ఊడబీకి మళ్ళీ గుచ్చుతారు. పిల్లలు సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చేతికందినవన్నీ మార్చేస్తారు. చివరికి పెద్దాయన తేలుస్తారు. "ఈ స్పీకర్లు ముసలివైపోయాయి, కొత్తవి తెద్దాం" అని. కొత్తవి వస్తాయి. గరగర మాత్రం ఎక్కడికీ పోదు. ఎందుకంటే అది స్పీకర్లలో పుట్టిన గరగర కాదు.

ఇవాళ మీకు ఒకే ఒక్క సంగతి చెబుతాను. సౌండ్ ఎందుకు పాడైందని ముందు అడక్కండి. ఎక్కడ పాడైందని అడగండి. ఎక్కడో తెలిస్తే ఎందుకో దానంతటదే తెలుస్తుంది.

కాలువ కింద వ్యవసాయం చేసేవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు. చివరి చేలకి నీళ్ళు రాలేదనుకోండి. రైతు డ్యామ్ దగ్గరికి పరిగెత్తడు. తన చేలో మడవ తవ్వుతూనూ కూర్చోడు. సగం దూరంలో ఉన్న తూము దగ్గరికి వెళ్ళి చూస్తాడు. అక్కడ నీళ్ళు నిండుగా ఉంటే అడ్డం కింద ఉన్నట్టు. అక్కడే సన్నగా ఉంటే అడ్డం పైన ఉన్నట్టు. ఒక్క చూపుతో సగం కాలువ వెతికే పని తప్పింది.

పాట కూడా ఇలాగే ఒక దారిలో మీ చెవిదాకా వస్తుంది. ముందు పాట ఫైలు, అంటే అంకెలుగా రాసిపెట్టిన పాట. తరవాత దాన్ని వినిపించే ప్లేయర్. తరవాత విండోస్‌లోని సౌండ్ సెట్టింగ్స్. అక్కణ్ణుంచి కంప్యూటర్ లోపలి సౌండ్ చిప్. ఆ చిప్ అంకెల్ని కరెంటు అలలుగా మారుస్తుంది. ఆ కరెంటు పిన్నులోంచి, వైర్లోంచి స్పీకర్‌కి చేరుతుంది. స్పీకర్ గదిలో గాలిని కదుపుతుంది. అప్పుడు మీకు వినిపిస్తుంది.

మరి ఈ దారికి సగంలో ఉన్న తూము ఏది? కంప్యూటర్‌కి ఇయర్‌ఫోన్ గుచ్చే రంధ్రం. అదే. స్పీకర్ పిన్ను తీసేయండి. మీ ఫోన్‌లో బాగా పనిచేస్తున్న ఇయర్‌ఫోన్ ఒకటి తెచ్చి అదే రంధ్రంలో పెట్టండి. అదే పాట వినండి.

ఇయర్‌ఫోన్‌లో పాట బాగుందా? అయితే కంప్యూటర్ మంచిదే. తప్పు స్పీకర్లోనో, దాని వైర్లోనో, కరెంటు ప్లగ్గులోనో ఉంది. ఇయర్‌ఫోన్‌లోనూ అదే గరగర ఉందా? అయితే స్పీకర్ల జోలికి వెళ్ళకండి. తప్పు కంప్యూటర్లోనో, పాటలోనో ఉంది. ఈ ఒక్క పరీక్షకి రెండు నిమిషాలు పట్టదు. పైసా ఖర్చు లేదు.

దీనికి ఒక నియమం ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చి, విని, తేడా లేకపోతే దాన్ని మళ్ళీ మొదట్లాగే పెట్టాలి. ఆ తరవాతే ఇంకోటి. మళ్ళీ చెబుతున్నాను, ఒకసారికి ఒక్కటే. మూడు మార్పులు ఒకేసారి చేస్తే, గరగర పోయినా ఏది మారిస్తే పోయిందో తెలియదు. రేపు మళ్ళీ వస్తే మళ్ళీ మొదటికే.

ఇప్పుడు పైనుంచి కిందికి వద్దాం. ముందు పాట సంగతి.

ఒక పాట గరగరమంటే ఇంకో పాట పెట్టి చూడండి. రెండోది బాగుంటే మీ కంప్యూటర్‌కి ఏ జబ్బూ లేదు. ఆ మొదటి ఫైలే అలా ఉంది. సీడీలో ఒక్క సెకను పాటకి సుమారు 1,411 కిలోబిట్ల సమాచారం ఉంటుంది. దాన్నే 128 కిలోబిట్ల ఎంపీత్రీగా చేస్తే పదకొండో వంతుకి కుదించుకుపోతుంది. చెవి పెద్దగా పట్టించుకోని వాటిని చూసి చూసి తీసేస్తారు కాబట్టి పాట పాటలాగే ఉంటుంది. ఇంకా కుదిస్తే తాళాల చప్పుడు చితికిపోతుంది. 'స' అనే అక్షరం ఈల వేస్తుంది. అలా పోయినది మళ్ళీ రాదు. ఆ ఫైలుని మళ్ళీ 320 కిలోబిట్లకి మార్చినా రాదు. ఫైలు సైజు పెరుగుతుంది, అంతే.

పాత పాటలు వినేవాళ్ళకి ఒక మాట. పాతాళభైరవి 1951లో వచ్చింది. మాయాబజార్ 1957లో వచ్చింది. అవి మోనో రికార్డింగులు. అంటే కుడి స్పీకర్లో ఏముందో ఎడమ స్పీకర్లోనూ అదే. ఘంటసాల గారి పాట పెట్టుకుని, రెండు వైపులా ఒకటే వస్తోంది, స్టీరియో చెడిపోయిందని కంగారుపడకండి. ఆ పాటల వెనక సుస్స్‌మని సన్నగా వినిపించేది కూడా చాలామటుకు రికార్డింగులోదే. కుడి ఎడమలు పరీక్షించాలంటే విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో టెస్ట్ అనే బటన్ ఉంటుంది. నొక్కితే ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన మోగుతుంది.

ఇంటర్నెట్‌లోంచి వచ్చే పాట అయితే ఇది గుర్తుపెట్టుకోండి. నెట్ నెమ్మదైతే పాట మధ్యలో ఆగుతుంది. లేదా క్వాలిటీ తగ్గి మసకబారుతుంది. కానీ గుయ్యిమని మోత పెట్టదు. మోత వస్తుంటే నెట్ వాళ్ళకి ఫోన్ చేసి లాభం లేదు. కంప్యూటర్లో సేవ్ చేసి ఉన్న పాటేదైనా పెట్టి చూడండి. నెట్ సంగతి అక్కడే తేలిపోతుంది.

తరవాత వాల్యూమ్. ఇందులో చాలామంది బోల్తా పడతారు. కంప్యూటర్ దగ్గర వాల్యూమ్ ఒక్కచోట ఉండదు. ప్లేయర్లో ఒకటి, విండోస్‌లో ఒకటి, స్పీకర్ మీద తిప్పే నాబ్ ఒకటి. కొన్ని ప్లేయర్లు వాల్యూమ్‌ని వందకు మించి పెంచనిస్తాయి. వీఎల్‌సీ ప్లేయర్ చూడండి, 125 దాకా వెళుతుంది. వంద దాటాక పాటలోని పెద్ద అలల తలలు నరికినట్టే. గొంతు పెద్దదవుతుంది, చీలిపోతుంది కూడా. దీనికి విరుగుడు నాబ్ తగ్గించడం కాదు. తల తెగింది పైన, ప్లేయర్లో. అక్కడే వందకి దించాలి.

దీనికి తలకిందులుగా చేసేవాళ్ళూ ఉన్నారు. కంప్యూటర్ వాల్యూమ్ ఇరవై దగ్గర ఉంచి, స్పీకర్ నాబ్ పూర్తిగా తిప్పేస్తారు. అప్పుడు పాట సన్నగా వస్తుంది. స్పీకర్ ఆ సన్నటి పాటనీ పెంచుతుంది, దాని పక్కనే ఉన్న సుస్స్ శబ్దాన్నీ పెంచుతుంది. కాబట్టి ప్లేయర్ వంద దగ్గర ఉంచండి. విండోస్ ఎనభై, తొంభై దగ్గర ఉంచండి. ఎక్కువ తక్కువలన్నీ స్పీకర్ నాబ్ దగ్గరే చూసుకోండి.

విండోస్‌లో ఇంకో తమాషా ఉంది. వీడియో కాల్ మొదలవగానే పాట ఒక్కసారిగా సన్నబడిపోతుంది. చాలామంది స్పీకర్ పోయిందనుకుంటారు. ఏమీ పోలేదు. కాల్ వచ్చిందని కనిపెట్టి, మిగతా శబ్దాలని 80 శాతం తగ్గించమని విండోస్‌లో ముందే రాసి పెట్టి ఉంటుంది. సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో కమ్యూనికేషన్స్ అనే చోటికి వెళ్ళి 'డూ నథింగ్' అని పెడితే ఆ గొడవ ఉండదు. పనిలో పనిగా ఎన్‌హాన్స్‌మెంట్స్ అని ఉన్నవాటిని కూడా ఒకసారి ఆపి వినండి. కచేరీ హాలు, స్నానాల గది, గుహ, ఇలాంటి పేర్లతో ఏవేవో ఉంటాయి కొన్ని కంప్యూటర్లలో. పాట విన్నవాళ్ళు ఎవరూ వాటిని అడిగి ఉండరని నా నమ్మకం.

ఇక బ్లూటూత్. ఈమధ్య నన్ను ఎక్కువమంది అడిగేది దీని గురించే. "హెడ్‌ఫోన్ ఖరీదైనది. ఫోన్‌తో అద్భుతంగా ఉంటుంది. కంప్యూటర్‌తో పెడితే మొదట బాగుంటుంది. క్లాసు మొదలవగానే పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌లా అయిపోతుంది. కంపెనీ మోసం చేసింది" అంటారు.

ఇక్కడ మోసం ఏమీ లేదు. బ్లూటూత్‌లో సౌండ్ పంపడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి పాటల పద్ధతి. అందులో స్టీరియో వస్తుంది, నాణ్యంగా వస్తుంది. కానీ ఒకవైపే వస్తుంది. మైకు పనిచెయ్యదు. రెండోది ఫోన్ కాల్ పద్ధతి. అందులో మైకు పనిచేస్తుంది. కానీ సౌండ్ మోనో అయిపోతుంది. పాటల సీడీలో శబ్దపు అలని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాస్తారు. కాల్ పద్ధతిలో సెకనుకి 8,000 సార్లో, 16,000 సార్లో కొలుస్తారు. మాట అర్థమవడానికి అది చాలు. పాటకి చాలదు. మీ కంప్యూటర్ ఆ హెడ్‌ఫోన్‌లోని మైకుని వాడుకోవడం మొదలెట్టగానే పాటల పద్ధతి ఆగిపోయి కాల్ పద్ధతి వచ్చేస్తుంది. జరిగింది ఇదీ.

మరేం చెయ్యాలి? వినడానికి బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఉంచండి. మాట్లాడటానికి లాప్‌టాప్‌కి ఉన్న సొంత మైకుని ఎంచుకోండి. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ వేరు, ఇన్‌పుట్ వేరు. రెండూ ఒకే పరికరం కానక్కర్లేదు. మైకు మారగానే హెడ్‌ఫోన్ పాత గొంతు తెచ్చుకుంటుంది. కొత్త రకం బ్లూటూత్‌లో ఈ ఇబ్బందిని తీర్చే పద్ధతి వచ్చింది. కానీ అది హెడ్‌ఫోన్‌లోనూ ఉండాలి, కంప్యూటర్లోనూ ఉండాలి.

బ్లూటూత్ తెగి తెగి వస్తుంటే అది వేరే సంగతి. బ్లూటూత్, వైఫైలో ఒక రకం, వంటింట్లో మైక్రోవేవ్, ఇవన్నీ ఇంచుమించు ఒకే తరంగాల మీద నడుస్తాయి. కూర వేడిచేస్తున్నంతసేపే పాట తెగుతుంటే కారణం వంటింట్లో ఉంది.

ఇప్పుడు పిన్ను దగ్గరికి వద్దాం. మొదట్లో చెప్పానే, వాద్యాలు వినిపిస్తాయి, గొంతు వినిపించదు అని. ఆ వింతకి కారణం చాలాసార్లు పిన్ను సగమే దిగడం.

ఇయర్‌ఫోన్ పిన్నుని చేతిలో పట్టుకుని చూడండి. దాని మీద నల్లటి గీతలు కనిపిస్తాయి. రెండు గీతలుంటే అది మూడు ముక్కలన్నమాట. కొన ముక్క ఎడమ చెవికి. మధ్య ముక్క కుడి చెవికి. మొదలు దగ్గరున్న ముక్క రెండిటికీ ఉమ్మడి దారి. కరెంటు తిరిగివెళ్ళే దారి. పిన్ను పూర్తిగా దిగకపోతే ఈ ఉమ్మడి దారి తెగిపోతుంది. అప్పుడు రెండు చెవులకీ మధ్య ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. సినిమా పాటల్లో గాయకుల గొంతుని కుడి ఎడమలకి సమానంగా కలుపుతారు. సమానంగా ఉన్నది తీసివేతలో సున్నా అయిపోతుంది. పక్కల్లో ఉన్న వాద్యాలు మిగులుతాయి. గాయకుడు మాయమవుతాడు.

పిన్నుని గట్టిగా లోపలికి నొక్కండి. క్లిక్కుమని కూర్చోవాలి. కూర్చోకపోతే రంధ్రంలో దుమ్ము ఉండవచ్చు. కంప్యూటర్ ఆపి, చెక్క పుల్లతో మెల్లగా తీయండి. గుండుసూది పెట్టకండి. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళల్లో ఉప్పుగాలికి పిన్నులు మసకబారతాయి. పొడి బట్టతో గట్టిగా తుడవండి. పిన్నుని రంధ్రంలో పెట్టి నాలుగుసార్లు తిప్పండి. చాలాచోట్ల గరగర అక్కడితో సరి.

కొన్ని పిన్నుల మీద మూడు గీతలుంటాయి. మైకు ఉన్న ఫోన్ ఇయర్‌ఫోన్లవి. నాలుగో ముక్క మైకుకి. అలాంటి పిన్నుని పాతకాలం కంప్యూటర్ రంధ్రంలో పెడితే ముక్కలు ఒకదానికొకటి సరిగ్గా ఆనవు. ఒక్కోసారి ఇందాక చెప్పిన మాయమయ్యే గాయకుడు ఇక్కడా కనిపిస్తాడు. క్షమించాలి, కనిపించడు. ఒక పిన్నుని మైకుకి, ఇయర్‌ఫోన్‌కి విడివిడిగా చీల్చే చిన్న వైరు దొరుకుతుంది. అది తెచ్చుకుంటే చాలు.

పెద్ద డబ్బా కంప్యూటర్ ఉన్నవాళ్ళకి ఇంకో మాట. వెనక పక్క రంగురంగుల రంధ్రాలుంటాయి. ఆకుపచ్చ స్పీకర్లకి. గులాబీ మైకుకి. నీలం బయటినుంచి పాట తీసుకోవడానికి. 1990ల చివర్లో మైక్రోసాఫ్ట్, ఇంటెల్ సంస్థలు కలిసి ఈ రంగుల పద్ధతి పెట్టాయి. స్పీకర్ పిన్ను గులాబీలో గుచ్చి సౌండ్ రావట్లేదనుకునే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. బల్ల కింద చీకట్లో వంగి గుచ్చుతాం కదా, రంగు కనపడదు. టార్చి వేసి చూడండి.

డబ్బా ముందు పక్క కూడా ఒక రంధ్రం ఉంటుంది. అందులో పెడితే మౌస్ కదిపినప్పుడల్లా కీచు కీచుమంటుందా? ఆ ముందు రంధ్రానికి వెళ్ళే సన్నటి వైరు డబ్బా లోపల మిగతా భాగాలన్నిటి పక్కనుంచీ పోతుంది. దారిలో వాటి చప్పుళ్ళని మోసుకొస్తుంది. పిన్ను తీసి వెనకాల ఆకుపచ్చలో పెట్టండి. అప్పటికీ పోకపోతే యూఎస్‌బీ సౌండ్ కార్డని ఒకటి దొరుకుతుంది. బొటనవేలంత ఉంటుంది, పెద్ద ఖరీదేం కాదు. అంకెల్ని కరెంటుగా మార్చే పని డబ్బా బయట జరుగుతుంది కాబట్టి లోపలి చప్పుళ్ళు చాలామటుకు అంటవు. కొత్త స్పీకర్ల కన్నా ముందు దీన్ని ప్రయత్నించమని నేనంటాను.

ఇప్పుడు ఆ గుయ్యిమనే మోత. పాట ఉన్నా లేకపోయినా ఒకే స్థాయిలో, ఒకే శ్రుతిలో వచ్చే మోత. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. ఆ 50 మీకు వినిపిస్తోందన్నమాట. అది పాట దారిలోకి ఎలా వచ్చింది? చాలామటుకు ఎర్త్ దగ్గర.

లాప్‌టాప్ అయితే పరీక్ష చాలా సులువు. చార్జర్ తీసేయండి. బ్యాటరీ మీద నడవనివ్వండి. మోత ఠక్కున ఆగిందా? అయితే అది చార్జర్ దారిలోంచి వస్తోంది. లాప్‌టాప్‌లో తప్పు లేదు. స్పీకర్‌లో తప్పు లేదు. చార్జర్‌ని మూడు పిన్నుల సాకెట్లో సరిగ్గా పెట్టారో లేదో చూడండి. మన ఇళ్ళల్లో మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల కన్వర్టర్లో పెట్టి లాగించేస్తుంటాం. అప్పుడు ఎర్త్ తెగినట్టే. లాప్‌టాప్ ఇనుప భాగం మీద చెయ్యి వేస్తే జిలజిలమనేదీ ఇలాంటప్పుడే.

డబ్బా కంప్యూటర్‌ని టీవీకో, పెద్ద ఆంప్లిఫయర్‌కో కలిపినప్పుడు ఇంకో రకంగా వస్తుంది. కంప్యూటర్ ఒక గదిలో బోర్డు నుంచి కరెంటు తీసుకుంటుంది. ఆంప్లిఫయర్ ఇంకో బోర్డు నుంచి తీసుకుంటుంది. రెండు ఎర్త్‌లకీ మధ్య చిన్న తేడా ఉంటుంది. రెండిటినీ సౌండ్ వైరుతో కలపగానే ఆ తేడా వైరులోంచి పారుతుంది. మీకు మోతగా వినిపిస్తుంది. రెండిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి మార్చండి. చాలా ఇళ్ళల్లో అంతటితో ఆగిపోతుంది. ఆగకపోతే టీవీకి వచ్చే కేబుల్ వైరు ఒక్కసారి ఊడదీసి వినండి. అది కూడా తన ఎర్త్ తానే తెచ్చుకుంటుంది. దారి అదేనని తేలితే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని అడిగి తెచ్చుకోండి. సౌండ్ వైరు మధ్యలో పెట్టే చిన్న డబ్బీ అది.

కొందరు ఇక్కడ ఒక ప్రమాదకరమైన పని చేస్తారు. లావుపాటి మూడో పిన్నుకి టేపు చుడతారు, లేదంటే విరగ్గొడతారు. మోత ఆగుతుంది, నిజమే. కానీ ఆ పిన్ను ఉన్నది మోత కోసం కాదు. లోపల వైరు తెగి ఇనుప డబ్బాకి తగిలినప్పుడు మీ చేతికి షాక్ కొట్టకుండా ఆపేది అదే. మళ్ళీ చెబుతున్నాను. మోత ఎంత విసిగించినా మూడో పిన్ను జోలికి వెళ్ళకండి. ఇంటి ఎర్తింగ్ మీద అనుమానముంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిపించండి.

ఫ్యాను రెగ్యులేటర్ తిప్పినప్పుడు బర్రుమంటుంటే అది ఎర్త్ సంగతి కాదు, రెగ్యులేటర్ చప్పుడు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడే వస్తుంటే అది ఇన్వర్టర్ గొంతు. చవకరకం ఇన్వర్టర్లు కరెంటుని గుండ్రటి అలలుగా ఇవ్వవు, మెట్లు మెట్లుగా ఇస్తాయి. ఫ్యాను కూడా మూలుగుతుంది గమనించండి. మీడియం వేవ్ రేడియో వినేవాళ్ళకి ఈ చప్పుళ్ళన్నీ పాత చుట్టాలే.

స్పీకర్ల గురించి రెండే మాటలు. ఒక్క స్పీకర్లోనే గరగర ఉంటే, కుడి ఎడమ వైర్లు మార్చి పెట్టండి. గరగర కూడా పక్కకి మారితే స్పీకర్ మంచిది, తప్పు పైన ఉంది. గరగర అదే స్పీకర్లో ఉండిపోతే తప్పు ఆ స్పీకర్‌దే, లోపలి అట్ట చిరిగి ఉండవచ్చు. లాప్‌టాప్ అయితే ముందు దాన్ని పరుపు మీంచి లేపండి. చాలా లాప్‌టాప్‌లకి స్పీకర్లు అడుగున ఉంటాయి. పరుపు వాటి నోరు మూసేస్తుంది. అంత చిన్న స్పీకర్లలో మృదంగం ఎడమ వైపు గుంకీ వినాలని ఆశపడకండి. ఏ సెట్టింగూ దాన్ని తేలేదు.

ఇప్పటిదాకా మనం వినే దారి. ఇక మన గొంతు అవతలికి వెళ్ళే దారి. దారి అదే, ప్రయాణం తిరుగు.

విజయవాడలో ఒక సంగీతం టీచరుగారు. డాలస్‌లో ఒక తెలుగు పాప. వారానికి రెండు పాఠాలు, కంప్యూటర్ మీద. ఇలాంటి ఇళ్ళు ఇప్పుడు బోలెడు. టీచరుగారు శ్రుతిపెట్టె ఆన్ చేస్తారు. పాపకి రెండు క్షణాలు వినిపిస్తుంది. తరవాత మాయం. టీచరుగారు రాగం తీస్తుంటే దీర్ఘాలు మధ్యలో తెగిపోతాయి. వీణ మీటితే మీటు వినిపిస్తుంది, నాదం వినిపించదు. నెట్ బాగాలేదనుకుని పాప వాళ్ళ అమ్మ ఇంకా పెద్ద ప్లాన్‌కి డబ్బు కడుతుంది. పాఠం అలాగే ఉంటుంది.

తప్పు నెట్‌లో లేదు. జూమ్ లాంటి ప్రోగ్రాములని మాటల కోసం చేశారు. అవి మనిషి మాటని ఉంచి, మిగతాదాన్ని రొదగా లెక్కగట్టి తీసేస్తాయి. రొద అంటే వాటి లెక్కలో ఏమిటి? మారకుండా ఒకే తీరున సాగే శబ్దం. ఫ్యాను, ఏసీ. పాపం, శ్రుతిపెట్టెలోని తంబురా కూడా సరిగ్గా అదే పని చేస్తుంది. మారకుండా ఒకే తీరున సాగుతుంది. ప్రోగ్రాముకి తంబురాకీ ఫ్యానుకీ తేడా తెలియదు.

జూమ్‌లో దీనికి ఒక సెట్టింగ్ ఉంది. ఆడియో సెట్టింగ్స్‌లో 'ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్' అని ఉంటుంది. దాన్ని ఆన్ చెయ్యాలి. క్లాసు మొదలయ్యాక పైన కనిపించే బటన్ కూడా ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. గూగుల్ మీట్‌లో అయితే నాయిస్ క్యాన్సిలేషన్ ఆపెయ్యాలి. ఇది ఎవరు చెయ్యాలి? పాడేవాళ్ళు చెయ్యాలి. టీచరుగారి పాట టీచరుగారి కంప్యూటర్లోనే కత్తిరింపుకి గురవుతోంది. పాప డాలస్‌లో ఎన్ని బటన్లు నొక్కినా లాభం లేదు. పాప పాడేటప్పుడు పాప కంప్యూటర్లో ఆన్ చెయ్యాలి. చూశారా, ఇక్కడా ప్రశ్న ఎక్కడ అనే.

ఆ సెట్టింగ్ పెట్టాక ఇద్దరూ ఇయర్‌ఫోన్ పెట్టుకోవడం మంచిది. లేకపోతే పాప గొంతు టీచరుగారి స్పీకర్లోంచి వచ్చి, టీచరుగారి మైకులో దూరి, మళ్ళీ పాపకే వినిపిస్తుంది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. ఎదురుగా ఉంటే ఊపిరి తగిలి 'ప', 'బ' అన్నప్పుడల్లా బుస్సుమంటుంది. గచ్చు నేల, ఖాళీ గోడలున్న గదిలో ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. గది తిరిగి మోగితే మీ పాట కూడా అలాగే మోగుతుంది. పరదాలూ మంచమూ ఉన్న పడగ్గదిలోకి మారండి.

ఒక్కటి మాత్రం ఏ సెట్టింగూ బాగుచెయ్యలేదు. టీచరుగారితో కలిసి పాడటం. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంత వేగమైనా, ఇక్కణ్ణుంచి అమెరికా వెళ్ళి రావడానికి తాళం తప్పించేంత ఆలస్యం అవుతుంది. దారిలోని యంత్రాలు ఇంకా కాస్త కలుపుతాయి. కాబట్టి టీచరుగారు పాడి ఆపాలి, పాప తరవాత పాడాలి. పాప తాళం తప్పుతోందని కోప్పడేముందు ఇది గుర్తుంచుకోండి టీచరుగారూ.

ఇవన్నీ చూసినా గరగర పోలేదనుకోండి. మరమ్మతు దుకాణానికి వెళ్ళక తప్పదు. వెళ్ళండి. కానీ "సౌండ్ బాగాలేదండీ" అని మాత్రం చెప్పకండి. ఆ మాట అంటే ముందు స్పీకర్ మార్చమంటారు, తరవాత విండోస్ మళ్ళీ ఎక్కించమంటారు. మీరు చూసిందంతా వరసగా చెప్పండి. "వేరే పాట పెట్టినా ఇలాగే ఉందండీ. ఇయర్‌ఫోన్‌లోనూ ఉంది. చార్జర్ తీసినా ఉంది. యూఎస్‌బీ సౌండ్ కార్డు పెడితే మాత్రం లేదు." ఇలా చెబితే అతనికి కంప్యూటర్ విప్పకుండానే లోపలి సౌండ్ చిప్ మీద అనుమానం వస్తుంది. వెళ్ళేటప్పుడు గరగరమనే పాట ఒకటి, మంచి ఇయర్‌ఫోన్ ఒకటి తీసుకెళ్ళండి. డబ్బు ఇచ్చేముందు ఆ పాట ఆ ఇయర్‌ఫోన్‌లోనే దుకాణంలో నిలబడి వినండి.